ఎనిమిది నెలలు

మా వాటా తలుపు తీస్తే ఎదురుగా మేడమెట్లే. అయిదు మెట్లెక్కాక చిన్న చదును, అక్కడ మలుపు తిరిగి మళ్ళీ పైకి. ఊరంతా తలుపులు మూసుకుని కూర్చున్న ఆ జబ్బు కాలంలో, మధ్యాహ్నం నాలుగు దాటాక, పై వాటా ఆవిడ పనినుంచి వచ్చి మూడో మెట్టు మీద కూలబడేది. వెంటనే ఇంట్లోకి వెళ్ళేది కాదు.

"ఒక్క పదినిమిషాలు పెద్దమ్మా. ఆసుపత్రి నా ఒంటిమీంచి కాస్త దిగనీ," అనేది.

నేను గుమ్మం లోపల కుర్చీలో, ఆవిడ మెట్టు మీద, మధ్యన ఆరడుగుల దూరం. మాటలుంటే మాట్లాడుకునేవాళ్ళం. లేకపోతే నేను పుస్తకం చదువుకునేదాన్ని, ఆవిడ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేది.

పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిడది పదహారేళ్ళ సర్వీసు. అక్కడ అందరూ ఆవిణ్ణి మడతక్క అంటారు. దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే అది గాలిలోనే సగానికి మడత పడుతుందట. ఆ లాండ్రీ నేను చూడలేదు గాని, డాబా మీద ఆరిన బట్టలు తీసేటప్పుడు ఆవిణ్ణి చూశాను. తీగమీంచి తీసిన బట్ట బకెట్లో పడేలోపే మడతై ఉండేది. పని చేస్తున్నట్టు కాక, చేతులు వాటి మానాన అవి ఏదో గొణుక్కుంటున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో లాండ్రీలో రెండు మాస్కులు వేసుకోవాలని నియమం. ఇస్త్రీ రోలరు దగ్గర ఆవిరికి పదినిమిషాల్లో పై మాస్కు, అరగంటలో లోపలి మాస్కు తడిసి ముద్దయిపోయేవి. పూటకు ఇచ్చేవి నాలుగే. "తడిగుడ్డ నోట్లో కుక్కుకుని బతుకుతున్నాం పెద్దమ్మా," అనేది. ముక్కు మీద మాస్కు కమ్మీ ఒరిసి ఒక నల్లటి గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

ఆవిడ భర్త కళ్ళద్దాల షాపులో పనివాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. మితభాషి. నా కళ్ళజోళ్ళు మూడూ ఆయన చేతి మీదుగా వచ్చినవే. వెంట్రుకవాసి తేడా ఉన్నా తెల్లవారి షాపుకు పట్టుకుపోయి మళ్ళీ సరిచేసి తెచ్చేవాడు. మాస్కులొచ్చాక ఆయనకు కొత్త తలనొప్పి పట్టుకుంది. ఒకసారి మెట్ల మీద నిలబడి చెప్పాడు. "కొత్త అద్దాలు మసకగా ఉన్నాయని రోజుకు పదిమంది వస్తున్నారండీ. తప్పు అద్దాలది కాదు, మీ ఊపిరిది అంటే కొట్టేట్టు చూస్తున్నారు."

వాళ్ళకు ఒక్కతే కూతురు, పదో తరగతి. ఇంట్లో అమ్మలు అంటారు. బడి మూసి పదహారు నెలలైంది. పిల్ల ఆ పదహారు నెలలూ నా నెత్తి మీద గదిలో, ఫోను ముందు కూర్చుని గడిపింది. రోజూ ఉదయం తొమ్మిదింటికి నా పైకప్పులోంచి "ప్రెజెంట్ మేడమ్" అని వినిపించేది. మొదట్లో గట్టిగా, హుషారుగా అనేది. రానురాను ఆ గొంతు ఎంత పలచబడిందంటే, ఒక్కోరోజు అందో లేదో నాకే తెలిసేది కాదు. ఒకప్పుడు రెండేసి మెట్లు దూకుతూ దిగే పిల్ల, చెత్తబుట్ట బయట పెట్టడానికి గోడ పట్టుకుని దిగుతోంది. "దీన్నెలాగైనా మళ్ళీ నలుగురిలో పడెయ్యాలి పెద్దమ్మా," అని తల్లి రోజుకొకసారైనా అనేది. ఆ ఇంట్లో వాళ్ళందరి ఆశా అదొక్కటే.

అటువంటి సమయంలో బడి తెరుస్తున్నామని కబురొచ్చింది. ముందు పదో తరగతి ఒక్కటే. పదిహేనేళ్ళు నిండినవాళ్ళకు టీకా వేస్తారు, శుక్రవారంనాడు బడి హాల్లోనే శిబిరం. టీకా వేయించుకున్నవాళ్ళు సోమవారంనుంచి క్లాసుకు రావచ్చు. దాని గురించి తల్లిదండ్రులతో ఫోను మీటింగు పెట్టారు. పిల్ల పైన క్లాసులో ఉంది కనక మడతక్క ఆ మీటింగు మా మెట్ల మీద కూర్చునే విన్నది. నాకూ వినిపించింది. ముఖాలు కనపడని గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"రోజంతా మాస్కంటే ఎలాగండీ? మావాడికి చెవులు ఎర్రబడిపోతాయి."

"ఎర్రబడనివ్వండి. పరీక్ష చెవులతో రాయడు కదా."

"మేడమ్, పిల్లలు మాస్కులు మార్చుకుంటున్నారండీ! నీ రంగు బాగుంది, నాకియ్యి, నాది నువ్వు తీసుకో అని!"

"ఎవరింట్లోనో కుళాయి కారుతోంది. దయచేసి కట్టెయ్యండి బాబూ."

"అది కుళాయి కాదండీ, మా ఆయన స్నానం."

మడతక్క మాస్కు వెనక నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి చాలా రోజులైంది. ఇంతలో ఒకావిడ గొంతు వచ్చింది. "మేడమ్, మా పాపకు పదిహేను నిండడానికి పదకొండు రోజులే తక్కువ. పదకొండు రోజులండీ! కాస్త చూసీ చూడనట్టు పోనివ్వకూడదా?"

"వయసు విషయంలో చూసీ చూడకుండా ఉండడం కుదరదమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ గొంతులోనూ అలసట తెలుస్తోంది. "నిండనివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. వయసు రుజువు చూపించి ఉత్తరం ఇస్తే కుట్టుపని గదిలో విడిగా కూర్చోబెడతాం. రోజంతా మాస్కు తియ్యకూడదు. ల్యాబుకు రానివ్వం. అంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు."

మడతక్క ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. ఫోను కట్టేసి, పదినిమిషాలు కాక గంటసేపు అక్కడే కూర్చుంది.

ఆ సాయంత్రం ఆరున్నరకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కిందికి దిగి మెట్ల మీద గుసగుసలాడడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నది రెండు గదులు, పిల్ల చెవిన పడకుండా మాట్లాడుకోవడానికి వాళ్ళకు వేరే చోటు లేదు. నేను లేచి తలుపు వెయ్యబోయాను.

"వెయ్యకండి పెద్దమ్మా, ఉక్కకు చస్తారు. మీ దగ్గర దాచడానికేముంది?" అంది మడతక్క.

దాచింది చాలానే ఉందని పావుగంటలో తెలిసింది.

తొమ్మిదేళ్ళ క్రితం లాండ్రీలో ఆవిడకు పగటి డ్యూటీ పడింది. అప్పటిదాకా ఆయన ఒక పూట, ఆవిడ ఒక పూట పిల్లను చూసుకునేవారు. ఇక ఇద్దరికీ పగలే పని. బడిలో వేద్దామంటే ఒకటో తరగతికి అయిదున్నరేళ్ళు నిండాలన్నారు. పిల్లకు ఎనిమిది నెలలు తక్కువ. ఆఫీసులో గుమాస్తా ఆవిడ ముఖం చూసి, "మీరు ఏ తేదీ చెబితే ఆ తేదీ రాసుకుంటానమ్మా. ఆలోచించుకుని చెప్పండి," అన్నాడట, కూరగాయలమ్మేవాడు బరువు అడిగినట్టు. ఆవిడ ఆలోచించుకుని ఎనిమిది నెలలు వెనక్కి జరిపి చెప్పింది. భర్త సంతకం పెట్టాడు.

పిల్ల నోరు జారుతుందని ఇంట్లో కూడా ఆ రాయించిన తేదీనే పుట్టినరోజు చేస్తూ వచ్చారు. పిల్లకు ఇంతవరకూ అసలు తేదీ తెలియదు. కిందటి నెలే పదిహేను నిండాయని కొత్త బట్టలు కొన్నారు. నిజానికి ఇంకా పద్నాలుగున్నరే నిండలేదు.

"ఫారం మీద ఉన్న తేదీ ప్రకారం అది పదిహేను దాటింది," అంది మడతక్క. "బడిలో ఉన్నదీ అదే. సూది వేయిస్తే సోమవారం క్లాసుకెళ్తుంది. అంతే కదా?"

"రెండో ప్రశ్న సంగతేమిటి?" అన్నాడాయన.

ఫారంలో పుట్టినతేదీ కింద ఇంకో ప్రశ్న ఉంది. చిన్నప్పుడు ఏ టీకా అయినా ఒంటికి పడకపోవడం జరిగిందా? జరిగితే చిన్ననాటి టీకాల కార్డు వెంట తేవాలి. జరిగింది. ఏడాదిన్నర వయసులో సూది వేయించుకుని ఆసుపత్రి గేటు దాటకముందే పిల్ల పెదాలు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక నీలం తిరిగిపోయింది. ఎత్తుకుని వెనక్కి పరుగెత్తారు. ఏ మందు పడలేదో, ఎందుకు పడలేదో డాక్టరు కార్డులో ఎర్రసిరాతో రాశాడు. ఆ రాతలు ఈ ఇద్దరికీ అర్థం కావు, గుర్తూ లేవు. కార్డు ఉంది, బీరువాలో పాత దుప్పటి మడతలో. కార్డు మీద పిల్ల అసలు పుట్టినతేదీ కూడా ఉంది.

"లేదు అని టిక్కు పెడదాం," అంది ఆవిడ నెమ్మదిగా.

ఆయన ఫారం తీసుకుని ఆ ప్రశ్న మళ్ళీ చదివాడు.

"ఎప్పుడో పసితనంలో జరిగింది. ఆ మందు వేరు, ఈ మందు వేరు."

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

"తెలియదు. మీకు తెలుసా?"

"తెలియదు. తెలియదు కాబట్టే కార్డు చూపించాలంటున్నాను." కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. "ఆ రోజు తేదీ మార్చినందుకు ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఇవాళ ఆ తేదీ దాచడానికి ఇంకో అబద్ధం రాస్తే, పడేది దాని ప్రాణం మీద."

"ఓహో. తొమ్మిదేళ్ళుగా లేని నిజాయితీ ఇప్పుడు పొడుచుకొచ్చిందా?"

"అద్దం అర పాయింటు తేడా వస్తే తీసి మళ్ళీ అరగదీసేవాణ్ణి. కన్నకూతురి దగ్గర ఎనిమిది నెలల తేడా వదిలేశాను. తప్పు నాదీనూ."

"ఆ రోజు అలా రాయించకపోతే దాన్నెవరు చూసుకునేవారు? మీ షాపులో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారా?"

ఆయన నవ్వాలో బాధపడాలో తెలియక నా వైపు చూశాడు. నేను పుస్తకంలోకి చూశాను. ఆ పేజీ అప్పటికి నాలుగోసారి చదువుతున్నాను.

"నేనైతే ఆ టిక్కు పెట్టను," అని ఆయన పైకి వెళ్ళిపోయాడు. ఆవిడ వెనకే వెళ్ళలేదు. కాసేపాగి, నాతోనో గోడతోనో అంది. "పదహారు నెలలు గదిలో కూర్చోబెట్టాం. ఇప్పుడు క్లాసంతా ఒక గదిలో, ఇది ఇంకో గదిలో. అది ఊరుకుంటుందా?"

మర్నాడు ఆసుపత్రిలో టీకాలు వేసే సిస్టరును పట్టుకుని అడిగిందట.

"సిస్టరూ, మాకు తెలిసినావిడ ఒకామె ఉంది..."

"ఆ తెలిసినావిడ నీ అంత పొడుగుంటుందా?" అంది సిస్టరు, సిరంజిల పెట్టె సర్దుకుంటూ.

మడతక్క తడబడింది. మొత్తం చెప్పేసింది. ఎర్రసిరా ఉన్న పేజీ ఒక్కటే ఫోటో తీసి చూపిస్తే చాలదా అని కూడా అడిగింది.

"ప్రతి పేజీ పైనా పుట్టినతేదీ ఉంటుంది, నీకు తెలుసు. దాన్ని వేలితో మూసి ఫోటో తీద్దామనుకుంటున్నావు, అదీ నాకు తెలుసు." సిస్టరు మూడు పూటలుగా డ్యూటీలో ఉంది. కోప్పడే ఓపిక కూడా లేని గొంతుతో అంది. "వయసంటావా, ఏడు నెలల్లో ఒళ్ళేమీ మారిపోదు. నియమం నియమం, అంతే. ఆ రెండో ప్రశ్న మాత్రం అలంకారానికి పెట్టింది కాదు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పి వేయిస్తానంటే, నేనుండగా అయితే వెయ్యను. నేను లేని చోటికి పోతానంటే అది నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పింది. చెప్పి, "దానికి చెప్పాలి పెద్దమ్మా," అంది.

"చెప్పు."

"మీరూ రాకూడదా పైకి?"

"నాకెందుకమ్మా అక్కడ?"

"ఎవరైనా ఉంటే అది గట్టిగా అరవదని."

నేను వెళ్ళలేదు. వెళ్ళి ఉండవలసిందేమో. ఆవిడ ఎలా చెప్పిందో, పిల్ల ఏమందో మర్నాడు పొద్దున్న పనికి వెళ్తూ ఆవిడే చెప్పింది. నేను లేకపోయినా పిల్ల అరవలేదట. మొదట నవ్విందట.

"అంటే క్లాసులో నేనే అందరికంటే చిన్నదాన్నా? ఇన్నాళ్ళూ పెద్దక్కలా పెత్తనం చేశానే వాళ్ళ మీద!" తరవాత అసలు తేదీ ఏదో అడిగి, విని, కాసేపు ఆలోచించి, "ఓ... అందుకా ఏటా ఆ రోజు నువ్వు నన్ను ఏమీ తిట్టవు? నేను కనిపెట్టాను. ఆ రోజు నీకేదో మొక్కు ఉందనుకున్నా," అందట.

అంతవరకూ బాగానే ఉంది. తరవాత పిల్ల ముఖం మారింది.

"ఒకటో తరగతిలో మూడు అంకె తిరగేసి రాస్తున్నానని స్కేలుతో కొట్టేదానివి. గుర్తుందా?"

"గుర్తుంది."

"మొద్దు, మొద్దు అనేదానివి. టీచరు కూడా రిపోర్టులో రాసింది, ఈ అమ్మాయికి గ్రహణశక్తి తక్కువ అని. అది పట్టుకుని నాన్న ముందు నన్ను నిలబెట్టావు. అప్పుడు నాకెన్నేళ్ళు?"

"అయిదు... నిండబోతున్నాయి."

"మిగతా వాళ్ళందరికీ?"

పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కోపంతో ధడాలున వెయ్యలేదు, మామూలుగానే వేసుకుంది. "అదే భయమేసింది పెద్దమ్మా," అంది మడతక్క.

బుధవారం, గురువారం ఆ ఇంట్లో మాటల్లేవు. తొమ్మిదింటికి "ప్రెజెంట్ మేడమ్" మాత్రం వినిపించేది. ఆవిడ మెట్ల మీద కూర్చోవడం కూడా మానేసింది, సరాసరి పైకి వెళ్ళిపోయేది. పిల్ల పక్కన మౌనంగా కూర్చోవడమే నయమనుకుందేమో.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి పిల్ల ముందు దిగింది, వెనక తండ్రి, ఆ వెనక తల్లి. తల్లి ఫారం చేత్తో పట్టుకుని ఉంది. దానిలో రెండో ప్రశ్న ముందు గడి ఇంకా ఖాళీగానే ఉందని తరవాత తెలిసింది. అయిదో మెట్టు దగ్గర పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

"కార్డేదీ?"

"దేనికే?"

"అమ్మా. కార్డు తీసుకురా."

ఆవిడ తిరిగి మెట్లెక్కింది. ఆ ఎక్కడం నేను గుమ్మంలోంచి చూశాను. పదహారేళ్ళు రోలరు ముందు నిలబడ్డ కాళ్ళు అవి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగాయి.

బడి హాల్లో కుర్చీలు దూరం దూరంగా వేశారట. పిల్లలు మాస్కుల్లో ఒకళ్ళనొకళ్ళు పోల్చుకోలేక, పోల్చుకున్నాక వాటేసుకోకూడదన్న సంగతి గుర్తొచ్చి, మోచేతులు తాకించుకుంటున్నారట. ఒక పిల్ల కుర్చీలోంచే, "నువ్వెంత పొడుగైపోయావే!" అంటే అమ్మలు, "నువ్వు కుర్చీలో ఉన్నావు, లేచి చూడు," అందట. పదహారు నెలల తరవాత అది అలా గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి.

పిలుపొచ్చింది. బల్ల దగ్గర నర్సు తలెత్తకుండానే, "పుట్టినతేదీ?" అంది.

పిల్ల అసలు తేదీ చెప్పింది. కొత్త ఫోన్ నంబరు గుర్తు చేసుకుంటున్నట్టు ఆగి ఆగి చెప్పిందట.

"ఫారంలో వేరే ఉందే?"

"ఫారంలోది తప్పండీ. కార్డులోది రైటు."

నర్సు తలెత్తి తల్లి వైపు చూసింది. "ఏమ్మా, ఏది నిజం?"

హాలంతా బడికి తెలిసినవాళ్ళే. రెండు కుర్చీల అవతల, పదకొండు రోజులు తక్కువైన పిల్ల తల్లి ఉత్తరం పట్టుకుని కూర్చుని ఉంది.

"అది చెప్పిందే నిజం," అంది మడతక్క.

నర్సు కార్డు తిరగేసింది. ఎర్రసిరా పేజీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, లోపల ఉన్న డాక్టరుకు తీసుకెళ్ళి చూపించి వచ్చింది.

"వయసు చాలదు, అదొకటి. నిండినా సరే, ఇక్కడ వేయించుకోకూడదు. పెద్దాసుపత్రిలో, డాక్టరు పక్కనుండగా, ముందు పరీక్ష చేసి వేస్తారు. వేశాక గంటసేపు కదలనివ్వరు. ఈ కార్డు పారెయ్యకండి." ఫారం మీద అడ్డంగా గీత కొట్టి, కారణం రాసి ఇచ్చింది. "తరవాతివాళ్ళు రండి."

అంతే. రెండు నిమిషాలు పట్టలేదు.

షాపుకు వేళ మించిపోతోందని తండ్రి అట్నుంచి అటే వెళ్ళాడు. వెళ్తూ పిల్ల తల మీద చెయ్యి వేసి, తియ్యడం మరిచిపోయినట్టు కాసేపు అలాగే ఉంచాడట. తల్లీకూతుళ్ళు బస్సు కోసం స్టాపులో బల్ల మీద కూర్చున్నారు. రెండు బస్సులు పోనిచ్చారు.

"నువ్వు మొద్దువి కాదే," అంది తల్లి రోడ్డు వైపు చూస్తూ. "చిన్నదానివి. అంతే. మాకు తెలుసు. తెలిసి కూడా కొట్టాను. పొద్దున్నే ఆరింటికి లేపి, నిద్రకళ్ళతో నిన్ను బడికి లాక్కుపోయి, సాయంత్రం ఒళ్ళు హూనమై వచ్చేదాన్ని. నువ్వు ఆ మూడు తిరగేసి రాస్తే..." కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

పిల్ల కాస్త దగ్గరకు జరిగింది.

"ఏడవకు. మాస్కు తడుస్తుంది," అంది. "సంచిలో ఇంకోటి ఉందా?"

"ఉంది."

"అయితే ఏడువు."

ఆదివారం ఆవిడకు సెలవు. సెలవురోజున మధ్యాహ్నం దాకా లేవని మనిషి, పది గంటలకే కిందికి దిగి మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో కాగితం. బడికి ఇచ్చే ఉత్తరం రాసుకొచ్చింది, తప్పులుంటే దిద్దమంది. నా దగ్గరకు రాకూడదు కనక మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. నేను వెళ్ళి తీసుకున్నాను.

రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. ఎన్నిసార్లు చిత్తు రాసి ఉంటుందో. మా అమ్మాయికి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు. చేర్చేటప్పుడు మేము తప్పు తేదీ చెప్పాం, తప్పు మాది, పిల్లది కాదు. అసలు తేదీ ఉన్న కార్డు జతచేస్తున్నాం, పరీక్షల సర్టిఫికెట్ రాకముందే రికార్డులో సరిచేయగలరు. అంతవరకూ కుట్టుపని గదిలో కూర్చోవడానికి అనుమతించగలరు. మాస్కు తియ్యదు.

కింద, సంతకానికి ముందు, ఇంకో వాక్యం ఉంది. "ఒకటో తరగతి రిపోర్టులో మా అమ్మాయికి గ్రహణశక్తి తక్కువ అని రాశారు. అప్పుడు దాని వయసు నాలుగేళ్ళ పదకొండు నెలలు. కాబట్టి అది కూడా తప్పు అని గమనించగలరు."

నేను ఉత్తరం రెండుసార్లు చదివాను.

"అంతా బాగుంది. ఈ చివరిది మాత్రం అక్కర్లేదేమో అమ్మాయ్. వాళ్ళకు కావలసింది తేదీ ఒక్కటే కదా."

"నేను రాసింది దాని కోసమే పెద్దమ్మా," అంది. "ఊరికే అదొక్కటే రాస్తే బాగుండదని మిగతాదంతా రాశాను."

నేను దిద్దలేదు. కాగితం మళ్ళీ మెట్టు మీద పెట్టాను.

సోమవారం ఉదయం గుమాస్తా, అప్పటి ఆయన కాదు, కొత్తతను, ఉత్తరమంతా చదివి ఆ చివరి వాక్యం దగ్గర ఆగాడట. "తేదీ సంగతి చూస్తాం. దీనికి మేమేం చెయ్యాలమ్మా?" అన్నాడట.

"ఏమీ చెయ్యక్కర్లేదు బాబూ. ఫైల్లో పెట్టండి," అందట మడతక్క.

పెట్టాడట. పెట్టేదాకా నిలబడి చూసి, పిల్లను కుట్టుపని గది గుమ్మంలో దింపి, లాండ్రీకి అరగంట ఆలస్యంగా వెళ్ళింది.